కొస దారం

ఊలు కొట్టు తాళాల గుత్తి అత్తగారి మెళ్ళో ఉండేది. పెద్దకోడలి కళ్ళు ఎప్పుడూ ఆ గుత్తి మీదే ఉండేవి. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ కొట్లో ఆమె బొత్తాలు ఏరింది, జిప్పులు కొలిచింది, ఊలు ఉండలు చుట్టింది. తలుపు మాత్రం ఏనాడూ తన చేత్తో తీయలేదు. అత్తగారు వచ్చి తాళం తీసేదాకా మెట్ల మీద నిలబడాల్సిందే. వానొచ్చినా అంతే, ఎండొచ్చినా అంతే.

అత్తగారిది గట్టి పిండం. ఆ కొట్టుకి పేరు తెచ్చింది ఊలు కాదు, ఏడాది చివర పాత గిరాకీలందరికీ ఆవిడ స్వయంగా అల్లి ఇచ్చే చిన్న చిన్న కానుకలు. క్రోషే జుట్టు బ్యాండ్లు, కళ్ళజోడు సంచులు, ఫోను తొడుగులు, పుస్తకంలో గుర్తుకి పెట్టుకునే పువ్వులు. కొని ఇస్తే ఎవరైనా ఇస్తారు, అల్లి ఇస్తే ఆ మనిషి మన గుమ్మం మరిచిపోదు అనేది ఆవిడ. ఇప్పుడు ఆ కళ్ళకి పొరలు కమ్మాయి. సూది మొన కనిపించడం మానేసింది. ఒకరోజు భోజనాల దగ్గర కోడళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, ఈసారి కానుకలు మీరే అల్లాలని, ఎవరి చేతి పనిని జనం మెచ్చుకుంటే తాళాలు వాళ్ళ మెళ్ళో వేస్తానని చెప్పేసింది. చిన్నకోడలికి క్రోషే రాదు కనక పెద్దది నేర్పాలని కూడా తేల్చేసింది.

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. చిన్నది నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. నోట్లో వేలు పెడితే కొరకని రకం, పైగా నవ్వుమొహం. కొట్లోకి వచ్చినవాళ్ళు పెద్దదాన్ని దాటుకుని వెళ్ళి మరీ ఆ పిల్లని సలహా అడిగేవారు. అంత మంచిదాన్ని ద్వేషించడం కష్టం కదా అని మనం అనుకుంటాం గానీ, నిజానికి అంత సులువైన పని ఇంకోటి లేదు.

అయినా నేర్పింది. వేలికి దారం చుట్టి నడిమి చుట్టు వేయడం, అందులోంచి సూదితో కన్ను లాగడం, గొలుసు, పొట్టి కుట్టు, పొడుగు కుట్టు, అన్నీ ఓపిగ్గా చేయి పట్టుకుని నేర్పింది. చిన్నకోడలు పట్టుకున్న తీరు చూస్తే వెన్నతో పెట్టిన విద్యలా ఉంది. వారం తిరక్కుండా ఆ పిల్ల అల్లిన పువ్వు పెద్దదాని పువ్వుకన్నా ముద్దుగా వచ్చింది. అది చూశాక పెద్దకోడలి మనసులో ఉన్న కాస్త తడి కూడా ఆరిపోయింది.

క్రోషే అంటే అంతా ఒకే దారం. దానికి మొదట ఒక కొస, చివర ఒక కొస. ఆ రెంటినీ జానెడు వదిలి, మొద్దు సూదికి ఎక్కించి, కుట్ల మధ్య అటూ ఇటూ తిప్పి దాచెయ్యాలి. దాచకపోతే వెంటనే ఏమీ కాదు. నాలుగు రోజులు వాడాక, ఒకసారి ఉతికాక, కొస జారి బయటికి వస్తుంది. ఆ తరవాత ఎంత అందమైన పనైనా మళ్ళీ దారమైపోతుంది.

"ఈ కొసలేం చెయ్యాలక్కా?" అని అడిగింది చిన్నకోడలు.

"మొదలంటా కత్తిరించెయ్. వేలాడితే చూసేవాళ్ళకి అసహ్యంగా ఉంటుంది."

కిటికీ పక్కన పెద్దకోడలి కూతురు కాలేజీ పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. తలెత్తలేదు. చిన్నకోడలు కత్తెర తీసుకుని రెండు కొసలూ శుభ్రంగా, నున్నగా కత్తిరించింది. ఆ సాయంత్రం అక్క ఏదీ దాచుకోకుండా నేర్పిందని అత్తగారికి చెప్పి మురిసిపోయింది.

కానుకలు పంచారు. అనుకున్నట్టే చిన్నకోడలివి చేతులు మారకముందే మెప్పు పొందాయి. బడి పంతులమ్మ జుట్టు బ్యాండు అక్కడికక్కడే పెట్టుకుని అద్దంలో చూసుకుంది. వీధి చివరి దర్జీ తన కళ్ళజోడు సంచిని పక్క కొట్లవాళ్ళందరికీ చూపించి వచ్చాడు. పెద్దకోడలు కూడా అందరితోపాటు నోరారా మెచ్చుకుంది. పంట వేసినవాడికి కోత దాకా ఆగడం తెలియాలి కదా. ఆమె ఆగింది.

కోతకొచ్చింది. పంతులమ్మ బ్యాండు తరగతిలో పిల్లల ముందు విడిపోయి, జుట్టంతా మొహం మీద పడిందట. నవ్వుతూనే చెప్పింది గానీ ఊలు మాత్రం కొనకుండా వెళ్ళిపోయింది. దర్జీ నవ్వలేదు. సంచి అడుగు విచ్చుకుని కళ్ళజోడు రోడ్డు మీద పడి, దానిమీంచి ఎవరి బండో పోయింది. పగిలిన అద్దం ముక్కలు పొట్లం కట్టి తెచ్చి గల్లాబల్ల మీద పోశాడు. చిన్నకోడలు ఏడ్చింది. ఏడుస్తూనే అతనికి కొత్త సంచి అల్లింది. కొసలు మరింత శ్రద్ధగా, మొదలంటా కత్తిరించింది. పెద్దకోడలు పక్కన కూర్చుని వీపు నిమిరి, చేతికి బిగువు రావాలంటే కాలం పడుతుందమ్మా అని ఓదార్చింది. ఆ రాత్రి ఆమెకి అన్నం సహించింది, నిద్ర కూడా హాయిగా పట్టింది.

ఆమె లెక్కలోకి రానిది ఒక్కటే. కాలేజీ సెలవుల్లో కూతురు వెళ్ళి పిన్ని దగ్గర కూర్చుంది. మంచిదానికి దాపరికమేముంటుంది? అక్క నేర్పిందంతా అక్షరం పొల్లుపోకుండా పిల్లకి నేర్పేసింది. ఒక ఉదయం అత్తగారు కొట్టు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మెళ్ళో నీలం రంగు క్రోషే సంచి ఉంది. తాళాల గుత్తి అందులో ఉంది. మనవరాలు ఇచ్చిందని ఆవిడ వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చూపిస్తోంది. పట్టులా జారే దారం. నడిమి చుట్టుతో మొదలుపెట్టిన గుండ్రటి అడుగు.

పెద్దకోడలు చూడగానే అది చిన్నదాని దగ్గర నేర్చిన పనని గుర్తుపట్టింది, కొసలు కోసేసే ఉంటాయి. ఒక్క మాట చెబితే సరిపోతుంది. కానీ ఆ ఒక్క మాట వెనకాల ఇంకో మాట ఉంది, మరి చిన్నదానికి ఎందుకు చెప్పలేదని. అత్తగారు పడుకున్నాక తీసి కొస భద్రం చేద్దామనుకుంది. ఆవిడ దాన్ని మెళ్ళో వేసుకునే పడుకునేది. రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. పోతే పోనీ, పోయేది ముసలామె తాళాలే కదా అనుకుంది.

పోయాయి. కొట్టు ముందు మురుగు కాలవ మీద ఇనప జల్లెడ ఉంది. సరిగ్గా దానిమీద నిలబడి అత్తగారు సంచి పైకెత్తేసరికి అడుగు నోరు తెరిచింది. తాళాలు జల్లెడ సందుల్లోంచి గలగలమంటూ జారిపోయాయి. ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి, సందులో చెయ్యి దూర్చి, మోచేతిదాకా మురుగులో తడుముకుంది. కళ్ళు ఆనవు. చుట్టూ జనం మూగారు. నగలు పోయాయా అని ఎవరో అడిగారు, ఎవరో నవ్వారు. వెనకే మెట్ల మీద నిలబడ్డ పెద్దకోడలికి ఆ వీపు చూస్తే జాలి రావాలి. ఇన్నాళ్ళూ వానలో తను నిలబడ్డ మెట్లు గుర్తొచ్చి హాయిగా అనిపించింది. ఆ హాయి పూర్తిగా తీరాకే ముందుకు వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపింది.

తాళాలు దొరకలేదు. ఇంటికొచ్చాక అత్తగారు చేతులు కడుక్కోకుండానే ఆ సంచిని వేళ్ళతో తడిమింది. అడుగు తడిమింది, అంచు తడిమింది. ఆ వేళ్ళకి కళ్ళతో పనిలేదు.

"కొస లేదు," అంది. "తెగింది కాదు, కత్తిరించారు. నీకెవరు నేర్పారే?"

పిన్ని అంది మనవరాలు. చిన్నకోడలికి అప్పటికి గాని తన జుట్టు బ్యాండ్లూ కళ్ళజోడు సంచులూ ఎందుకు విడిపోయాయో అర్థం కాలేదు. తెల్లబోయి పెద్దకోడలి వంక చూసింది.

"అక్కే చెప్పిందత్తయ్యా, మొదలంటా కత్తిరించమని."

పెద్దకోడలు తడుముకోలేదు. ఈ రోజు వస్తుందని ఆమెకి తెలుసు. తను అల్లిన సంచి ఒకటి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. నేనెందుకలా చెబుతాను, నావి చూడండి, ఒక్కటైనా విడిందా అంది. అత్తగారి వేళ్ళు దాచిన కొసని వెతికి పట్టుకున్నాయి. ఆవిడ మొహం మనవరాలి వైపు తిరిగింది.

"ఆ రోజు నువ్వక్కడే ఉన్నావుగా. మీ అమ్మ ఏం చెప్పింది?"

పిల్ల తల్లివైపు చూసింది. పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది, చాలా కొంచెం. పొరలు కమ్మిన కళ్ళకి అది కనిపించదు. చిన్నకోడలికి మాత్రం స్పష్టంగా కనిపించింది.

"నేను వినలేదు నాయనమ్మా," అంది పిల్ల. "చదువుకుంటున్నాను."

అంతే. చేసింది చాలక పెద్దదాని మీద నింద కూడా వేస్తావా అని అత్తగారు చిన్నకోడల్ని కొట్టు గడప తొక్కొద్దంది. మర్నాటినుంచి వంటిల్లూ బట్టలూ ఆమె వంతయ్యాయి. పుండు మీద కారం చల్లినట్టు, కొట్లో చిక్కుపడ్డ ఊలు ఉండలన్నీ పెద్దకోడలు ఇంటికి తెచ్చి ఆమె ముందు పడేసేది, ఖాళీగానే ఉన్నావుగా, విడదియ్యి అని. ఆమె విడదీసేది. విడదీసిన వాటిని తెల్లారేసరికి గుమ్మం దగ్గర పేర్చి ఉంచేది. నవ్వు మాత్రం ఆ మొహం మీదికి మళ్ళీ రాలేదు.

కొట్టుకి కొత్త తాళాలు వేయించారు. అత్తగారు గుత్తి పెద్దకోడలి చేతిలో పెడుతూ, నా దగ్గర ఒకసారి పోయాయి, నీ దగ్గర పోతే నువ్వూ దాని పక్కనే వంటింట్లో కూర్చోవాలి అంది. చెబితే చేసే మనిషి ఆవిడ.

అప్పుడే కూతురు ముందుకొచ్చింది. చేతిలో ఎర్రటి క్రోషే సంచి. చిన్న చిన్న పువ్వులు వేరువేరుగా అల్లి, ఒకదానికొకటి కలిపి చేసింది. పువ్వు పువ్వుకీ రెండు కొసలు. "తాళాలకి, అమ్మా. నీకు కానుక," అంది. అత్తగారు దాన్ని పైపైన తడిమి మురిసిపోయింది. పిల్ల ఈసారి బుద్ధిగా నేర్చుకుందని, దీన్ని మెళ్ళోంచి తీయొద్దని ఆజ్ఞ వేసింది.

పెద్దకోడలు గదిలోకి వెళ్ళి వెలుతురులో పట్టుకుని చూసింది. తిరగేసి చూసింది. ఒక్క కొస కూడా కనిపించలేదు. చక్కగా దాచిన కొసా కనిపించదు, మొదలంటా కోసేసిన కొసా కనిపించదు. ఇన్నేళ్ళ పనితనం ఆమెకి ఎందుకూ కొరగాలేదు. లాగి చూస్తే తెలుస్తుంది. కోసిందైతే లాగగానే విడిపోతుంది.

మొద్దు సూది తీసి దారం ఎక్కించింది. తలెత్తేసరికి గుమ్మంలో కూతురు.

"ఏం కుడుతున్నావమ్మా? నా పని మీద నమ్మకం లేదా?" గొంతు పెంచే అడిగింది. పక్క గదిలో అత్తగారి మంచం కిర్రుమంది.

పెద్దకోడలు సూది పక్కన పెట్టేసింది. తరవాతెప్పుడు కుట్టినా ఆ ముసలి వేళ్ళకి కొత్త కుట్టు తెలిసిపోతుంది. గొంతు తగ్గించి, కొసలు ఏం చేశావే అని కూతుర్ని అడిగింది. ఆమె ఎవరినైనా బతిమాలడం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పినట్టే చేశాను," అంది కూతురు. "ఆ రోజు విన్నానుగా."

ఏ రోజు చెప్పిన మాటో, ఎవరికి చెప్పిన మాటో పెద్దకోడలికి తేలలేదు. ఆ పిల్ల చిన్నప్పుడు ఒళ్ళో కూర్చుని నాలుగు కుట్లు నేర్చుకుని వదిలేసిందీ ఆమె దగ్గరే. అప్పుడు కొసలు దాచమనే చెప్పింది. కూతురు మొహంలోకి చూసింది. అక్కడా ఏమీ కనిపించలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కొట్టు తలుపు ఆమే తీస్తుంది. మురుగు జల్లెడ దాటేటప్పుడు రెండు చేతులతోనూ సంచి అడుగు పట్టుకుంటుంది. లోపల కూర్చున్నాక ఎడమ చెయ్యి గుండెల మీదినుంచి దించదు. గుండెనొప్పా అమ్మా అని దర్జీ అడిగితే కాదని తల ఊపింది. ఒక్క చేత్తో రిబ్బను కొలవడం కష్టమే. అలవాటు చేసుకుంటోంది.