ఎర్రవి పదులు, నీలివి ఒకట్లు

ఆ సోమవారం రెండో తరగతిలో లెక్కల పాఠం బాగా సాగింది. నస్రత్ పదకొండేళ్లుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతోంది. అంత బాగా సాగిన పాఠాలు ఎన్ని అని అడిగితే ఆమె చటుక్కున చెప్పలేదు.

పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఇరవై సీసా మూతలు, పది ఎర్రవి, పది నీలివి. ఎర్ర మూత ఒకటి పదికి గుర్తు. నీలి మూత ఒకటికి గుర్తు. "నలభై మూడు" అని ఆమె అనగానే ఇరవై ఆరుగురు పిల్లలూ నాలుగు ఎర్ర మూతలు, మూడు నీలి మూతలు ముందుకు జరుపుతున్నారు. నెల రోజులుగా పదమూడుకీ ముప్పై ఒకటికీ తేడా పట్టుకోలేని మాలిక్ కూడా సరిగ్గా జరిపి, గర్వంగా తలెత్తి చూశాడు.

"నీయి పావు లీటరు సీసాలయ్యిరా. నాయి లీటరుయ్యి," అన్నాడు పక్కవాడితో.

"పెద్దయ్యయితే ఏంది? అదీ పదే, ఇదీ పదే. టీచరు చెప్పలా?" అన్నాడు ఆ పక్కవాడు.

నస్రత్ నవ్వింది. ఆ మాట పిల్లల నోటి నుంచి రావాలనే ఆమె నెల రోజులుగా గొంతు చించుకుంటోంది.

హెడ్మిస్ట్రెస్ వెంకటరావమ్మ గుమ్మంలో నిలబడి ఫోనుతో ఫొటో తీసింది. దాన్ని మండలంలో టీచర్లకు పాఠం చెప్పే తీరు నేర్పే మెంటర్ శ్యామ్ సుందర్‌కు పంపింది. పది నిమిషాల్లో ఆ ఫొటో మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద ఆయన ఇలా రాశాడు: "అన్ని పాఠశాలల వారూ ఈ వారంలో ఈ కృత్యం చేయించి ఫొటోలు పంపవలెను."

ఆ రోజు రాని పిల్లల్లో కెజియా ఒకతె. మిరపకాయ కోతల రోజుల్లో పిల్లలు మానడం మామూలే కాబట్టి నస్రత్ హాజరు పట్టీలో సున్నా చుట్టి ఊరుకుంది.

రెండున్నరకి, మధ్యాహ్న భోజనం వండే ఖాజాబీ చేతులు తుడుచుకోకుండానే తరగతిలోకి వచ్చింది.

"అమ్మా, రెబ్కా పిల్ల పోయిందంట. సత్తెనపల్లి నుంచి గుంటూరు తీసకపోతంటే దార్లోనే పోయిందంట."

"ఎవరు? కెజియానా?"

"ఆ పిల్లే. నిన్న పొలంలో పురుగుమందు లోపలికి పోయిందంట. సీసా మూత నోటితో తీసిందంటమ్మా."

నస్రత్ తన ముందున్న మూతల వైపు చూసింది. ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పిల్లలందర్నీ లేపి కుళాయి దగ్గరికి నడిపించింది. రెండు సబ్బులు అరిగిపోయేదాకా వాళ్ల చేతులు తానే కడిగింది. మూతలన్నీ చీపురుతో ఊడ్చి బకెట్లో పోసి, మూత పెట్టి, గదిలో పెట్టి తాళం వేసింది.

"టీచర్, మా మూతలు మళ్లా ఎప్పుడిస్తారు?" అని మాలిక్ అడిగాడు. "మా నాయన రేపు ఇంకో డబ్బా మందు కొడతాడంట. పచ్చయ్యి కూడా తెస్తా."



*

అంతకు మూడు రోజుల ముందు, శుక్రవారం, శ్యామ్ సుందర్ బడికి వచ్చాడు. మంచివాడే. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. నలభై ఒక్క బడులు తిరగాలి, రోజుకు నాలుగు పరిశీలన పత్రాలు ట్యాబ్‌లో నింపాలి. వెనక గోడకు ఆనుకుని కూర్చుని పాఠమంతా విన్నాడు. చివర ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"పాఠం బావుంది మేడం. కానీ బోధనోపకరణాల దగ్గర నాలుగు మార్కులకి ఒకటే వేయగలిగాను. పిల్లల చేతుల్లో ఏమీ లేవు. వస్తువు చేత్తో ముట్టుకోకుండా స్థానవిలువ ఎలా ఎక్కుతుంది?"

"మాకు గణితం కిట్టు ఇచ్చారు సార్. పూసల చట్రాలు, పుల్లల కట్టలు అన్నీ ఉన్నాయి."

"మరి తీయలేదే?"

నస్రత్ వెంకటరావమ్మ వైపు చూసింది. కిట్టు పెట్టె ఆఫీసు గది బీరువాలో ఉంది. మూడేళ్లయింది, దాని మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు.

"తీస్తే పోతాయండి," అంది వెంకటరావమ్మ. "స్టాకు రిజిస్టర్లో పూసలు ఇన్ని అని రాసి ఉంది. పిల్లలు మింగితే పది పోతాయి, జేబులో వేసుకుంటే పది పోతాయి. రేపు పైవాళ్లు వచ్చి లెక్కపెడితే నన్నేగా అడుగుతారు? ఇంకో పదహారు నెలల్లో రిటైరవుతున్నా. వాళ్లొచ్చినప్పుడు తీసి చూపిస్తాం, మళ్లీ పెట్టేస్తాం."

శ్యామ్ సుందర్ నవ్వాడు. తిరిగిన ప్రతి బడిలోనూ ఈ మాట విన్నవాడి నవ్వు అది.

"పోనీండి. ఖర్చు లేని పద్ధతి ఉంది. మొన్న ట్రైనింగులో ఇచ్చిన పుస్తకంలోదే. పిల్లల చేత సీసా మూతలు తెప్పించండి. కూల్‌డ్రింకువి, నీళ్ల సీసాలవి. రెండు రంగులు, ఒక్కొక్కటి పది. పోతే పోయాయి, మళ్లీ తెచ్చుకుంటారు."

"ఈ ఊళ్లో ఉన్నది ఒక్క కిరాణా కొట్టు సార్. తలా ఇరవై మూతలొచ్చేన్ని కూల్‌డ్రింకులు ఎవరు తాగుతారు?"

"సీసాలు లేని ఊరుంటుందా మేడం? పిల్లల్ని అడగండి, వాళ్లే తెస్తారు."

శనివారం ఆమె పిల్లల్ని అడిగింది. ఎర్రవి పది, నీలివి పది, సోమవారానికి తేవాలి. ఎవరూ తక్కువ తేకూడదు, తక్కువైతే లెక్క కుదరదు.

నస్రత్ ఆ ప్రాంతపు మనిషే. ఆమె తండ్రి బుడాన్ ఇరవై ఏళ్లు కౌలు చేలల్లో పత్తికి మందు కొట్టాడు. ఆరేళ్లప్పుడు గట్టు మీద పడున్న ఖాళీ సీసా ముట్టుకుందని ఆమెను చెంప మీద కొట్టాడు. ఆయన బిడ్డను కొట్టింది ఆ ఒక్కసారే. పత్తి చేలల్లో, మిరప చేలల్లో గట్ల వెంట, కాలవల్లో, బోరు దగ్గర సీసాలు ఎన్ని రంగుల మూతలతో పడుంటాయో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా శనివారం ఆమె ఆలోచించింది నాలుగుకి ఒకటి గురించే.

*

మంగళవారం కెజియాను సమాధి చేశారు. బుధవారం శ్యామ్ సుందర్ ఒక టైపు కాగితంతో వచ్చాడు. నస్రత్ దాన్ని రెండుసార్లు చదివింది.

"సదరు విద్యార్థిని సెలవు దినమైన ఆదివారం నాడు, తల్లి తనతో పాటు పొలం పనికి తీసుకువెళ్లగా, అచ్చట తల్లి అజాగ్రత్త వలన పురుగుమందు సేవించినది. ఈ సంఘటనకు పాఠశాలకు గాని, బోధనా కార్యక్రమములకు గాని ఎట్టి సంబంధమూ లేదు." కింద తరగతి ఉపాధ్యాయురాలి సంతకానికి చోటు వదిలారు.

"జస్ట్ ఫార్మాలిటీ మేడం," అన్నాడాయన. "ఎవరి మీదికీ రాకుండా రాశాం."

"రెబ్కా మీదికి వచ్చిందిగా సార్."

"ఆవిడకేమన్నా ఉద్యోగం ఉందా, ఊడిపోవటానికి?" అంది వెంకటరావమ్మ. "నీకుంది. నాకుంది. ఈ సారుకుంది." ఆ మాట అన్నాక ఆమె కిటికీ వైపు తిరిగి, అటే చూస్తూ కూర్చుంది.

నస్రత్ కాగితం బల్ల మీద పెట్టింది. "ముందు గ్రూపులో ఆ ఫొటో తీసేయండి సార్. మూతలు తేవద్దని ఒక్క మాట పెట్టండి. అందులో మేం పెట్టే వీలు లేదు, మీరే పెట్టాలి. ఈపాటికి అన్ని బళ్లలోనూ తెమ్మని ఉంటారు."

"ఎలా పెట్టనండీ? మూతలు వద్దంటే, ఎందుకు వద్దంటున్నారని పైవాళ్లు అడుగుతారు. సంబంధం లేదని ఒక కాగితం రాసి, మళ్లీ వద్దని మెసేజ్ పెడితే ఆ కాగితం నిలుస్తుందా? ముందు ఇది పైకి వెళ్లనివ్వండి. రెండు వారాలు ఆగి మెల్లగా చెబుదాం."

"ఈ రెండు వారాలు?"

ఆయన ట్యాబ్ సంచిలో పెట్టుకున్నాడు. జిప్పు రెండుసార్లు లాగాడు. "నేను కూల్‌డ్రింకు మూతలనే చెప్పాను మేడం. మీకు గుర్తుందో లేదో."

"గుర్తుంది సార్. నేను పిల్లలకి ఆ మాట కూడా చెప్పలేదు. వట్టి మూతలు అన్నాను."

సంతకం రేపు పెడతానని ఆమె అనలేదు, పెట్టనని కూడా అనలేదు. కాగితం ఆమె బల్ల మీదే వదిలేసి ఆయన వెళ్లిపోయాడు.

*

గురువారం బడి మొదలైన కాసేపటికి రెబ్కా వచ్చింది. పనికి కట్టుకెళ్లే చీరే కట్టుకుంది. చేతిలో నల్ల కవరు. గుమ్మం బయటే నిలబడితే నస్రత్ లోపలికి పిలిచి కుర్చీ చూపించింది. రెబ్కా కూర్చోలేదు. కవరు బల్ల మీద పెట్టింది.

"ఇయ్యి మీయే టీచరుగారూ. పిల్ల సంచిలో ఉన్నయి. వేరే పిల్లలకన్నా పనికొస్తయ్యని తెచ్చా."

నస్రత్ కవరు విప్పలేదు.

"పంతొమ్మిదే ఉన్నయి," అంది రెబ్కా. "ఎర్రయ్యి పదీ దొరికినయ్యంట. నీలియ్యి తొమ్మిదే దొరికినయ్యంట. పదోది సీసాకే బిగుసుకపోయి రాలేదంట. పళ్లతో తీసింది. ఆంబులెన్సులో చెప్పింది నాకు. అప్పటిదాకా చెప్పలా, తిడతాననుకుంది. ఆదివారం పొద్దుగూకేటప్పటికి కక్కుతా ఉంది, నోట్లోంచి నురగ. ఎండ దెబ్బేమోనని ఊళ్లో డాక్టరు సూదేశాడు. వాసనొచ్చింది టీచరుగారూ, రాలేదని ఎట్టా అంటా? నా చీరా అదే వాసన. ఏం తెలుసుద్ది?"

తరగతిలో పిల్లలు రాయడం ఆపి చూస్తున్నారు. నస్రత్ వాళ్లను వరండాలోకి పంపింది.

"పొలం ఆసామి ఆదెయ్యగారే అన్నాడు, పిల్లని కూడా తీసకరా, రాలిన కాయలు ఏరుద్ది, సగం కూలిస్తానని. ఇప్పుడేమో అందరి ముందరా, పిల్లల్ని పొలానికి ఎవరు తెమ్మన్నారే అంటన్నాడు. పాస్టరమ్మ కూడా నువ్వు కొంచెం చూసుకోవాల్సింది రెబ్కా అంది. అందరూ నాదే తప్పంటన్నారు. నాదేనా టీచరుగారూ?"

నస్రత్‌కు బల్ల మీద కవరు పక్కనే టైపు కాగితం కనిపిస్తోంది.

"నీది కాదు," అంది. "మూతలు తెమ్మన్నది నేను. ఎవరూ తక్కువ తేకూడదు అన్నదీ నేనే. ఈ ఊళ్లో మూతలు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలుసు."

రెబ్కా ఆమె మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"తెలిసే చెప్పారా?"

"తెలిసే చెప్పాను. ఆ పూట ఆలోచించలేదు."

వరండాలో ఎవరో పిల్ల ఎక్కాలు చదువుతోంది. రెబ్కా చెయ్యి చాపి కవరు మళ్లీ తీసుకుంది. కొంగులో చుట్టి గట్టిగా ముడేసింది.

"అయితే ఇయ్యి మీకియ్యను," అంది. "నా కాడే ఉంటయి. ఎవరన్నా పిల్లనెవరు తెమ్మన్నారే అంటే ఇయ్యి చూపిస్తా."

నస్రత్ తలూపింది. రెబ్కా వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్లిపోయింది.

నస్రత్ టైపు కాగితం తిరగేసి, వెనకవైపు చేత్తో రాసింది. శనివారం తాను పిల్లలకు ఏం చెప్పిందో రాసింది. పిల్లలకు మూతలు ఎక్కడ దొరుకుతాయో తనకు ముందే తెలుసునని రాసింది. కిట్టు ఎక్కడ ఉందో రాసింది. ఏ బడిలోనూ పిల్లల చేత మూతలు తెప్పించవద్దని రాసి, కింద సంతకం పెట్టి ఆఫీసు గదికి తీసుకెళ్లింది.

వెంకటరావమ్మ చదివింది. "ఇది నేను తీసుకోను," అంది. "తీసుకుంటే నంబరు వేయాలి. నంబరు వేస్తే పైకి పంపాలి. ఎందుకమ్మా, పిల్ల తిరిగొస్తుందా?"

"మిగతా బళ్లలో పిల్లలున్నారు మేడం."

"సస్పెండ్ చేస్తారు నిన్ను."

"చేస్తారు. ముందు వైపు మాత్రం నేను సంతకం పెట్టను."

వెంకటరావమ్మ కాగితాన్ని ముట్టుకోకుండా స్కేలుతో ఆమె వైపు తోసింది.

నస్రత్ మళ్లీ తరగతికి వచ్చింది. పిల్లలకు రాత పని ఇచ్చి, మొన్నటి ట్రైనింగు నాటి హాజరు జాబితా తీసింది. అందులో ప్రతి బడి పేరు పక్కనా ఒక ఫోను నంబరు ఉంది. ఆమె బడి కాక మండలంలో నలభై బడులున్నాయి. పై నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికి ఫోను చేసింది. చాలామంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లలో ఇద్దరు సరేనన్నారు. ముగ్గురు, రాతపూర్వకంగా ఏమైనా ఉందా అని అడిగారు. ఒకాయన, మా పిల్లలు నిన్ననే తెచ్చేశారండీ, ఫొటో కూడా పంపేశాం అన్నాడు.

నాలుగింటికి బెల్లు కొట్టారు. అప్పటికి ఆరు బడులకు చెప్పగలిగింది. ముప్పై నాలుగు బడులకు ఇంకా చెప్పలేదు.