అత్తగారు చూసిందా?

గ్యాస్ లీకుల మీద నిఘా పెట్టే ఆ ఆఫీసులో ఉపగ్రహాన్ని అందరూ అత్తగారనే పిలుస్తారు. రోజూ మధ్యాహ్నం నెత్తిమీదుగా వెళ్తుంది, ఎక్కడెక్కడ మీథేన్ గ్యాస్ లీకవుతోందో ఫోటోలు తీస్తుంది, సాయంత్రానికల్లా ఆ చాడీలన్నీ అక్కడ పనిచేసే అక్క బల్ల మీద పడతాయి. మబ్బు పట్టిన రోజున మాత్రం అత్త లేని కోడలు ఉత్తమురాలన్నట్టు గ్యాస్ కంపెనీలన్నీ బుద్ధిమంతులే.

అక్కకి ఈ ఉద్యోగం మీద విసుగు పుట్టి చాలా కాలమైంది. రోజంతా తెర మీద ఎర్రటి మరకలు చూడాలి. కొన్ని నిజంగా గ్యాస్, కొన్ని రేకుల కప్పు మీద ఎండ మెరుపు. ఏది ఏదో తేల్చి బటన్ నొక్కాలి. గ్యాసే అంటే కంపెనీకి నోటీసు వెళ్తుంది. వాళ్లు ఆ షిఫ్టులో ఉన్నవాణ్ణి ఇంటికి పంపేసి, తప్పు చేసినవాణ్ణి తీసేశామని జవాబు రాసి చేతులు దులుపుకుంటారు. ఈ బోడి న్యాయానికా కళ్లు పోగొట్టుకుంటున్నాను అనిపిస్తుంది ఆమెకి.

ఇవాళ మరక తమ్ముడు పనిచేసే గ్యాస్ పంపింగ్ స్టేషన్ మీద పడింది.

గాలి ఎటు వీచిందో చూసింది. మరక తోక సరిగ్గా అటే సాగింది. రేకుల మెరుపుకి తోక ఉండదు. పగటి షిఫ్టు తమ్ముడిదే. మరదలికి ఏడో నెల. వీడు ఏ వాల్వో మూయడం మరిచిపోయుంటాడు, చిన్నప్పుడు కుళాయి కట్టేయడం మరిచిపోయినట్టే. వెధవ అని ప్రేమగా తిట్టుకుంది. కంచే చేను మేస్తోందని తెలిసి కూడా "రేకుల మెరుపు" అని నొక్కేసింది. గుండె మీంచి బండ దిగినట్టయింది.

సంచీ సర్దుకుంటుంటే తమ్ముడి ఫోను.

"అక్కా, మీ అత్తగారు చూసిందా ఇవాళ?"

"ఏం చూడాలిరా?"

"మా షెడ్డులో పైపు లీకవుతోంది. ఎంత మొత్తుకున్నా మేనేజర్ బాగుచేయించడు. అలారం మోగుతుంటే చిరాకని దాని తీగ కూడా పీకేశాడు. మీ అత్తగారొచ్చే టైముకి మాత్రం ప్రెషర్ తగ్గించమంటాడు, కనపడకుండా. ఇవాళ నేను కావాలనే తగ్గించలేదు. ఉద్యోగం పోతే పోనీ, ఒక్క నిప్పురవ్వ పడితే లోపలున్న వాళ్లం ఎవ్వరం మిగలం. నీ కంట పడితే చాలనుకున్నా."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఇవాళ... మబ్బురా."

"మబ్బెక్కడుంది అక్కా? పొద్దున్నుంచి మాడు పగిలే ఎండ. సరే, ఉంటా. గేటు దగ్గరకొచ్చి మాట్లాడుతున్నా, మళ్లీ లోపలికెళ్లాలి."

"వెళ్లకు! మిగతావాళ్లని కూడా బయటికి రమ్మను. ఇక్కడ నేను చూసుకుంటా."

అబద్ధమాడే ఓపిక ఇక లేదు. సంచీ అక్కడే పడేసి ఆఫీసరు గదిలోకి నడిచింది. విషయం విని ఆయన తెర వైపు చూశాడు.

"రేకుల మెరుపని నువ్వే కదమ్మా కొట్టేశావు?"

"రేకులు కాదు సార్," అంది. "మా తమ్ముడు."