రెండో డ్రైవరు

"నీకేముంది, పక్క సీట్లో కూర్చుని దారి చూడ్డమే కదా" అన్నారు మా ఆయన. నేనప్పుడు ఆరిన బట్టల గుట్ట ముందు కూర్చుని చొక్కాలు మడతపెడుతూ, మోకాలి మీద పెట్టుకున్న ఫోన్లో ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరమో చూస్తున్నాను. ఆయన మంచం మీద వాలి పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు. వేసవి సెలవుల్లో పిల్లలిద్దర్నీ తీసుకుని కారులో దేశం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెళ్లాలన్నది ఆయన కోరిక. కోరిక ఆయనది, అమలు నాది. మా ఇంట్లో శాఖల కేటాయింపు పెళ్లైన కొత్తలోనే అయిపోయింది.

దారి చూడడం అంటే ఏమిటో ఆయనకి తెలియదు. మావాడికి మలుపుల రోడ్డు పడదు. మీసాలు మొలుస్తున్నాయి, గొంతు మారింది, అయినా నాలుగు మలుపులు వరసగా వస్తే కడుపు పట్టుకుని నా వైపు చూస్తాడు. కాబట్టి కొండదారి వచ్చే రోజు వాడికి పొద్దున ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎక్కడ ఆగాలి అన్నది ముందే అనుకోవాలి. అమ్మాయి తమ్ముడితో ఒకే గదిలో పడుకోనంటుంది, అందుకు తగ్గ హోటళ్లు వెతకాలి. దాని నెలసరి ఎప్పుడొస్తుందో చూసుకుని, ఆ రోజుల్లో దూరాలు తక్కువ ఉండేలా, దారిలో శుభ్రమైన బాత్రూములు దొరికేలా రూటు మార్చాను. ఎందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు, చెబితే 'దీనికోసం ఇంత చుట్టా' అంటారు. మా ఆయన భోంచేసి స్టీరింగ్ పట్టుకుంటే ఆవలింతలు మొదలవుతాయి, కాబట్టి మధ్యాహ్నం ఒక గంట ఆగాలి. అత్తయ్యని మేమొచ్చేదాకా మా మరిదిగారింట్లో దింపాలి, ఆవిడ మందులు విడివిడిగా కట్టి ఇవ్వాలి. మొక్కలకి నీళ్లు పోసేవాళ్లని చూడాలి. నా బుర్రలో మేమందరం అప్పటికే ఒకసారి వెళ్లి తిరిగొచ్చేశాం. అలసట మాత్రం నాకొక్కదానికే వచ్చింది.

కారు నడపడం నాకు పెళ్లికి ముందే వచ్చు. లైసెన్సూ ఉంది. పెళ్లయ్యాక మా కారు నేను నడిపింది కొద్దిసార్లే. నేను స్టీరింగ్ ముందు కూర్చుంటే మా ఆయన పక్క సీట్లో పైనున్న పిడి పట్టుకుని, కాలికింద లేని బ్రేకు తొక్కుతూ కూర్చుంటారు. 'చూసుకో, చూసుకో' అంటారు. ఏం చూసుకోవాలో చెప్పరు. ఆ తర్వాత మావాడు కూడా ఒకసారి 'అమ్మ నడుపుతుందా, అయితే నేను బస్సులో వస్తా' అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు వారంరోజులు నా మీద నాకే మండింది.

నేను పనిచేసేది ఒక కంటి ఆసుపత్రిలో. నిజం చెప్పాలంటే ఆసుపత్రిలో ఉండేది తక్కువ, వాళ్ల వ్యాన్లో ఉండేది ఎక్కువ. ఫ్యాక్టరీలకీ, బడులకీ, దూరపు ఊళ్లకీ వెళ్లి, అక్షరాల బోర్డు తగిలించి, ఒక కన్ను మూయించి, అద్దాలు మార్చి మార్చి పెట్టి చూపు పరీక్ష చేస్తాను. పోయినేడాది వ్యాన్ డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేశాడు. ఆ పొద్దున ఏదో బడిలో పిల్లలు వరస కట్టి ఎదురుచూస్తున్నారు. ఎవరికైనా డ్రైవింగ్ వచ్చా అని పెద్ద డాక్టరుగారు అడిగితే, నేను ఆలోచించేలోపే నా చెయ్యి లేచింది. ఒక్కరోజుకే అన్నారు. ఆ ఒక్కరోజు ఇంకా పూర్తి కాలేదు. డ్రైవరు జీతం మాత్రం డ్రైవరుతోపాటే వెళ్లిపోయింది. 'మీకెలాగూ వచ్చు కదమ్మా' అన్నారు డాక్టరుగారు, వచ్చిన పనికి జీతం అడగడం మర్యాద కాదన్నట్టు.

ఆ మొదటిరోజు ఇంటికొచ్చి, ఇవాళ ఏమైందో తెలుసా అని మొదలుపెట్టాను. మావాడు చార్జర్ కనబడ్డం లేదన్నాడు. అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. మా ఆయన నీళ్లడిగారు, ఇచ్చాను. మర్నాడు ఇంకోసారి ప్రయత్నించాను, అదీ సగంలోనే ఆగింది. అడిగినప్పుడే చెబుదాంలే అని ఉక్రోషంగా ఊరుకున్నాను. ఎవరూ అడగలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ ఉక్రోషం పోయి ఇంకేదో వచ్చింది. పొద్దున్నే ఆ ఎత్తు సీట్లోకి ఎక్కి తలుపేసుకుంటే ఎవరి సాక్సు ఎక్కడుందో నేను చెప్పనక్కర్లేదు. అంత పెద్ద బండి నా మాట వింటుంది. ఇంట్లో నా మాట మిక్సీ కూడా వినదు. లారీల పక్కనుంచి, కొండల మీదనుంచి, వానలో, దుమ్ములో ఆ వ్యాన్ నడిపి తిరిగొస్తుంటే ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఆ గర్వాన్ని ఇంటికి తెచ్చి, చార్జర్లకీ మంచినీళ్లకీ మధ్య పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది.

ప్రయాణం ఇంకా పది పన్నెండు రోజులుందనగా, ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన ఓ శుభవార్త అని మొదలుపెట్టారు. అంత దూరం ఒక్కడే నడపడం కష్టమట, ఆయన స్నేహితులందరూ అదే మాటన్నారట. అందుకని తమ్ముణ్ణి అడిగారట, రెండో డ్రైవరుగా వస్తానన్నాడట. అంతవరకూ బాగానే ఉంది. కారులో ఐదో సీటు ఖాళీయే. నేను కూర గిన్నె అత్తయ్య వైపు జరుపుతున్నాను.

"తమ్ముడు మనతో వస్తే అమ్మని వాడింట్లో దింపడం కుదరదు కదా. మరదలు ఒక్కతే ఏం చూసుకుంటుంది? నువ్వు ఈసారికి అమ్మ దగ్గర ఉండిపో. నీకూ రెస్టు" అన్నారు.

నీకూ రెస్టు. గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది. నాకు కోపం రాలేదు ముందు, ఆశ్చర్యం వచ్చింది. ఈయన ఎంత తేలిగ్గా అన్నారు. సామాను ఎక్కువైతే ఒక సంచీ దింపేస్తారే, అలా నన్ను దింపేశారు. ఏ హోటల్లో పొద్దున త్వరగా టిఫిన్ పెడతారో, ఏ ఊరు దాటాక పెట్రోలు బంకు ఉండదో నాకు తెలుసు. ఆ ఊళ్లన్నీ నేను వేళ్లతో తడిమి తడిమి పెట్టుకున్నవి. వెళ్లేది మాత్రం వాళ్లు. నేను ఇంట్లో కూర్చుని, వాళ్లు పంపే ఫొటోలకి బొటనవేలు గుర్తులు పెట్టాలి. తప్పు చేస్తున్నానన్న భావం ఆయన మొహంలో వెతికాను. లేదు. నాకు మంచి చేస్తున్నానన్న తృప్తి ఉంది. దాంతో ఒళ్లు మండింది.

మావాడు తినడం ఆపి, "మరి నాకు వాంతొస్తేనో?" అన్నాడు.

బాబాయ్ ఉంటాడుగా అన్నారు వాళ్ల నాన్న. బాబాయ్‌కి ఎవరైనా దగ్గితేనే అన్నం సయించదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

"రెండో డ్రైవరు కావాలంటే నేనున్నాను" అన్నాను.

మా ఆయన నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదు, పసిపిల్ల ముద్దుగా ఏదో అంటే నవ్వే నవ్వు. ఇది కూరగాయల మార్కెట్‌కి వెళ్లొచ్చినట్టు కాదనీ, పెద్ద పెద్ద లారీలుంటాయనీ, ఘాట్ రోడ్లుంటాయనీ ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ఆయన చెప్పిన ఘాట్ రోడ్డుని ఆ రూట్లో పెట్టింది నేనే. మొత్తం విన్నాను. విన్నాక, పోయినేడాది నుంచీ మా ఆసుపత్రి వ్యాన్ నడుపుతున్నది నేనేనని చెప్పాను.

అమ్మాయి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. మావాడు నోరు తెరిచాడు. మా ఆయన మాత్రం నమ్మలేదు. వ్యాన్ అంటే చిన్నదా, ఆసుపత్రి ఆవరణలో అటూ ఇటూ జరపడమా అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపు అత్తయ్య మంచినీళ్ల గ్లాసు కింద పెట్టారు.

"బస్సంత ఉంటుందిరా. నేను చూశా. ఏదో పెట్టె మర్చిపోయిందని ఓరోజు దాన్నేసుకుని వచ్చింది. నేను బాల్కనీలో ఉన్నా. సందు పొడుగునా రెండు పక్కలా బండ్లు. అంత వ్యాన్నీ వెనక్కి నడుపుకుంటూ బయటికి తీసింది, ఒక్కదానికీ తగల్లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నారు మా ఆయన.

"తనే చెబుతుందని చూశా. ఎన్నిసార్లో నోరు తెరిచింది. మీరెవరూ విన్లేదు. నేనూ అడగలేదులే" అన్నారావిడ. తర్వాత చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "నన్ను మాత్రం అడ్డం పెట్టుకోకు. చిన్నాడింటికి వెళ్లడానికి నేను చీరలు కూడా సర్దేసుకున్నా" అన్నారు.

ఈ ఇంట్లో నన్ను ఒకరు చూశారు. ఇన్నేళ్లలో ఆవిడకీ నాకూ మధ్య మందుల గురించి, పాల గురించి తప్ప మాటలేం లేవు.

మా ఆయన కాసేపు పళ్లెంలో గీతలు గీశారు. ఆఖరికి తల పైకెత్తి, సరే అన్నారు. వచ్చే ఆదివారం ఊరి బయట పెద్ద రోడ్డు మీదికి వెళ్దామట. ఆయన పక్కన కూర్చుని చూస్తారట. బాగా నడిపితే అప్పుడు ఆలోచిద్దామట. పరీక్షలు పెట్టడం ఆయన వృత్తి, నాకు తెలుసు. ఒక్క క్షణం నేను ఒప్పుకోబోయాను కూడా. నడిపి చూపిస్తాను, నోరు మూయిస్తాను అనిపించింది. ఆ వెంటనే ఇంకోటి అనిపించింది. ఆ పరీక్షలో నూటికి నూరు వచ్చినా, మార్కులు వేసేది ఆయనే.

"మీ తమ్ముడికి పరీక్ష పెట్టారా?" అన్నాను.

ఆ తమ్ముడు కిందటి ఏడాది మా కారు తీసుకెళ్లి గేటుకి గుద్ది తెచ్చాడు. ఆ సొట్ట వెనక తలుపు మీద ఇప్పటికీ ఉంది.

"పెట్టలేదు కదా. నాకూ అక్కర్లేదు. పిల్లల్ని తీసుకుని అనుకున్న రోజే నేను బయల్దేరుతున్నాను. మీరొస్తే మార్చి మార్చి నడుపుకుందాం. రాకపోతే ఇంట్లో ఉండండి, మీకూ రెస్టు."

అమ్మాయి తల దించుకుని నవ్వాపుకుంటోంది, భుజాలు కదులుతున్నాయి. నేను గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో నేను కూడా నవ్వాను. ఎన్నాళ్లయిందో అలా నవ్వి.

మర్నాడు అదే ఊపులో పెద్ద డాక్టరుగారి గదికి వెళ్లాను. సెలవు సంగతి అడిగినప్పుడల్లా 'చూద్దాం' అంటూ వచ్చారాయన. నేను లేకపోతే వ్యాన్ ఎవరు నడుపుతారని ఇప్పుడు కూడా అడిగారు. జీతమిచ్చి డ్రైవర్ని పెట్టుకోమన్నాను. తిరిగొచ్చాక నేనే నడపాలంటే ఆ జీతం నాకివ్వాలనీ, లేకపోతే నేను అద్దాల పెట్టె పట్టుకుని వెనక సీట్లోనే కూర్చుంటాననీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సెలవు చీటీ మీద సంతకం పెట్టారు. మిగతాది నేనొచ్చేలోపు చూస్తామన్నారు. ఈసారి 'చూస్తాం' అన్న మాటలో కాస్త భయం వినిపించింది, అది చాలు ఇప్పటికి.

మా ఆయన వారం రోజులు ముభావంగా తిరిగారు. తమ్ముడికి ఫోన్ చేసి ఏం చెప్పారో నాకు తెలియదు. బయల్దేరే రోజు పొద్దున మాత్రం ఆయన సంచీ కూడా కారు దగ్గరికొచ్చింది. దాన్నీ సర్ది పెట్టాను. మొదట ఆయనే నడిపారు. నా వంతు వచ్చినప్పుడు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కొండల దగ్గరికి వచ్చేసరికి మంచు కమ్మి, ముందున్న బండి దీపాలు తప్ప ఏమీ కనపడ్డం లేదు. ఆయన కాస్త దూరం నడిపి, పక్కకి తీసి ఆపారు. "ఇక్కడ నువ్వు తీసుకో" అన్నారు, నా వైపు చూడకుండా. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు. దిగి, అటు తిరిగి వెళ్లి కూర్చున్నాను. కొండ దిగి చదును రోడ్డెక్కేసరికి ఆయన పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. వెనక మావాడు కూడా నిద్రపోతున్నాడు.

అమ్మాయి మాత్రం మెలకువగా ఉంది. రెండు సీట్ల మధ్యకి వంగి, నా చెవి దగ్గర అడిగింది. "అమ్మా, నాన్న చూడాలన్న కోట చూశాం. తమ్ముడికి నీళ్లలో ఆటలయ్యాయి. నేనడిగిన పెద్ద ఊరు రేపొస్తుంది. ఇందులో నీదేది?"

ప్రయాణమంతా మనసులో ఒకసారి తిప్పి చూసుకున్నాను. ఎక్కడా లేదు. మీరు చూస్తే నేను చూసినట్టే కదా అనే జవాబు నోటి చివరిదాకా వచ్చింది. ఎంత అలవాటైన జవాబో అది. అద్దంలో దాని కళ్లు నన్నే చూస్తున్నాయి. ఆ జవాబు దీనికి నేర్పకూడదు అనుకున్నాను.

"నాది పెట్టుకోలేదే. అసలు తట్టనే లేదు" అన్నాను.

"మరిప్పుడు?"

వ్యాన్లో ఎంత దూరం వెళ్లినా, పరీక్షలైపోగానే బండి వెనక్కి తిప్పాల్సిందే. ముందుకి ఆ రోడ్డు ఎక్కడిదాకా పోతుందో చూడాలని ఎన్నోసార్లు అనిపించేది. ఆ సంగతి దానికి చెబుతూ ఉండగానే రోడ్డు పక్కన ఓ బోర్డు కనపడింది. లైట్‌హౌస్, ఎడమవైపు. సన్నటి రోడ్డు, రెండు పక్కలా గడ్డి. మేం వెళ్లాల్సింది తిన్నగా. నేను ఇండికేటర్ వేశాను. అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది.

రోడ్డు ఇసుకలో కలిసిపోయిన చోట ఆపాను. ఎదురుగా సముద్రం, ఇంకెవరూ లేరు. ఇంజన్ ఆగిన చప్పుడుకి మా ఆయన ఉలిక్కిపడి లేచారు, కళ్లు నులుముకుని చుట్టూ చూశారు.

"ఎక్కడున్నాం? ఇది మన ప్లాన్లో లేదుగా?" అన్నారు.

"ఇప్పుడే పెట్టాను" అన్నాను, తలుపు తీసుకుని దిగుతూ.