పై గీత, కింది గీత

"ఆ చెక్కుల మీద కింద కూడా సంతకాలు గీకి ఇటు పడెయ్," అన్నాడు అంతోని, పడక్కుర్చీలోంచి కదలకుండానే.

తెరేసమ్మ కొండపల్లిలోని ఆ ఇంటి పెరట్లో కూర్చుని, బొమ్మిడాయిలకు బూడిద పూసి బండకేసి రుద్దుతోంది. ఆదివారం, గుడి నుంచి వచ్చి అరగంటయినా కాలేదు. ఎల్లుండి లండన్ ప్రయాణం. బెజవాడలో ఆమె నర్సుగా పనిచేసే ఆసుపత్రివాళ్లు ఆర్నెల్ల ట్రైనింగుకి పంపుతూ, అక్కడి ఖర్చులకని ఆమె పేరున ట్రావెలర్స్ చెక్కులు ఇప్పించారు. ఇంత హడావుడిలోనూ అత్తగారు శౌరమ్మకి కోడలి చేతి బొమ్మిడాయిల పులుసు తినాలనిపించింది. ప్రేమనుకునేరు. ఈ ఆర్నెల్లూ చేపలు ఎవరు తోముతారన్న దిగులు.

"కింద సంతకం ఎందుకండీ?"

"లండన్లో ఉంటున్న మా చుట్టం ఆమోసు అక్కడ విమానం దగ్గరికి వస్తాడు. వాడి చేతిలో పెట్టు. నాకో టేప్ రికార్డరు, అమ్మకో వాచీ కొని పంపుతాడు. హాస్టల్లో తిండి వాళ్లే పెడుతుంటే నీకేం ఖర్చు?"

"దాని దగ్గరుంచితే ఎక్కడో పారేసుకొస్తుందిరా," అంది శౌరమ్మ గుమ్మంలోంచి.

పారేసుకొస్తుందట. నలభై మంచాల వార్డులో ఎవరి మందు ఏ పూటో తెరేసమ్మకి కంఠతా వచ్చు. ఒళ్లు మండింది. బ్యాంకాయన నిన్న చెప్పిన మాట చెవిలోనే ఉంది. "పై గీత మీద ఇప్పుడు నా ఎదురుగా పెట్టండి సిస్టర్. కింది గీత మీద మాత్రం అక్కడ డబ్బిచ్చేవాడి కళ్ల ముందే పెట్టాలి. ముందే పెట్టేస్తే అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లది." ఆ మాటకి ఆమెకి చెక్కులు కాదు, తన పదకొండేళ్ల కాపరం గుర్తొచ్చింది. పెళ్లయిన నెలే అంతోని ఆమెకి తన ఇంటిపేరు కలిపి ఇంగ్లీషులో 'కె. తెరేసా' అని సంతకం నేర్పించి, జీతం పడే బ్యాంకులో అదే ఇప్పించాడు. మొదట్లో డబ్బు తీసే ఫారాల మీద పెట్టించుకునేవాడు. తర్వాత ఆ శ్రమ కూడా ఆమెకివ్వలేదు. "మా ఆవిడ సంతకం మా ఆవిడకంటే నేనే బాగా పెడతా," అని చుట్టాల ముందు నవ్వేవాడు. అందరూ నవ్వేవాళ్లు. టీ గ్లాసులు అందిస్తూ తనూ నవ్వింది, సిగ్గులేకుండా. తండ్రి చచ్చిపోతే పూలదండ కొనడానికి ఇతన్నే అడిగిన రోజు మాత్రం నవ్వు రాలేదు.

"చేతులు నీసుగా ఉన్నాయండీ," అంది.

"నీ చేతులతో పనేముందిలే. నేను పెట్టలేనా?"

అంతోని లేచి బీరువాలోంచి చెక్కుల కవరు తెచ్చుకున్నాడు. పెన్ను మూత తీసి, మొదటి చెక్కు మీదికి వంగి, అలాగే ఆగిపోయాడు. రెండోది తిప్పాడు, మూడోది తిప్పాడు. అన్నింటి మీదా పై గీతన గుండ్రటి తెలుగు అక్షరాలు: తాళ్ళూరి తెరేసమ్మ.

"ఇదెవరి సంతకమే?"

"నాదే. పాస్‌పోర్టులోనూ అదే పెట్టాను."

"పుట్టింటి పేరు ఇప్పుడెందుకు తగలడింది?"

"నేను పలక మీద దిద్దుకున్న పేరు అదేనండి."

"వీటిని తీసుకెళ్లి పొయ్యిలో పెడితే ఏం చేస్తావు?"

"పెట్టండి. నంబర్లు వేరే కాయితం మీద రాసి మేట్రన్ గారి దగ్గరుంచాను. పోయినా, కాలినా, కింది సంతకం లేకపోతే మళ్లీ ఇస్తారట."

అంతోని చెక్కులు పక్కన పడేసి పేపరు అంచు మీద ఆ సంతకం దిద్దడం మొదలుపెట్టాడు. 'ళ్ళూ' దగ్గర చెయ్యి వంకరపోయింది. కొట్టేసి మళ్లీ రాశాడు. మళ్లీ కొట్టేశాడు. సంతకమంటే అక్షరాల వంపులు కాదు, కొన్నేళ్ల అలవాటు.

తెరేసమ్మ చేపలు కడిగి, చేతులు తుడుచుకుని, చెక్కులు ఏరి కవర్లో పెట్టుకుంది.

"తొందరేం లేదు, ఒకటో తారీకు దాకా దిద్దుకోండి," అంది. "జీతం బ్యాంకులో కూడా నిన్న ఈ సంతకమే ఇచ్చి వచ్చాను."