దారంలా పోతోంది

నా షెడ్డులోంచి వంకర బండి బయటికి వెళ్ళదు. గోడ మీద రాసి పెట్టలేదు గానీ, ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే ఇది. పెయింటు మా ఆయన పని. రంగు ఎలా వచ్చిందో ఆయన్ని అడగండి. ఇంజను, ఛాసిస్, చక్రాలు నావి. వాటి గురించి నన్నడగండి, అదీ నేను భోంచేసేటప్పుడు కాదు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా అత్తయ్య అందరికీ చెబుతుంటుంది. ఆవిడ కోపం మాత్రం ఇంకెక్కడో ఉన్నట్టు!

ఇప్పుడు చెప్పబోయేది ఆవిడ బండి గురించే. ఇటలీలో తయారైన రెండు సీట్ల బండి. నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది, ఎక్కాలంటే ముందు కూలబడాలి. అల్యూమినియం రేకుని సుత్తితో కొట్టి కొట్టి ఆ మడ్‌గార్డుకి అంత వంపు తెచ్చినవాడెవడో గానీ, వాడి చేతికి దణ్ణం పెట్టాలి. పెళ్ళికి ముందు మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు, నేను తనకంటే షెడ్డు మూల దుప్పటి కప్పుకుని ఉన్న ఆ బండినే ఎక్కువసేపు చూశానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. అబద్ధమని నేనూ అనను.

వయసులో ఉండగా అత్తయ్య ఆ బండితో కొండదారి పందేలు గెలిచింది. మామయ్య పోయాక దాన్ని ముట్టుకోలేదు. పోయినేడు ఉన్నట్టుండి షెడ్డులోకి వచ్చి నిలబడింది.

"ఏమే, ఆ బండి లేపగలవా? పాత కార్లవాళ్ళు కొండదారి పరుగు మళ్ళీ పెడుతున్నారట. ఇంకొక్కసారి పైదాకా తోలాలనుంది. ఆ తర్వాత నా చేతికి తాళం ఇవ్వకపోయినా సరే."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడ నన్ను ఏదీ అడగలేదు. చెయ్యమంటుంది, లేదంటే ఎందుకు చెయ్యలేదంటుంది. అడగడం అదే మొదలు. చేతిలో పని పక్కన పెట్టి, ఆ రోజే దుప్పటి లాగేశాను.

ఇంజను మొత్తం విప్పాను. ఎలుకలు కాపురం పెట్టిన చోటల్లా శుభ్రం చేశాను. రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని, రెండు కార్బురేటర్లూ ఒకేలా ఊపిరి పీల్చేదాకా మరలు తిప్పుతూ కూర్చున్నాను. మొదటిసారి స్టార్టయినప్పుడు ఆ చప్పుడు విని మా ఆయన పెయింటు డబ్బా మూత పెట్టడం కూడా మరిచిపోయి పరిగెత్తుకొచ్చాడు. అత్తయ్య మాత్రం గుమ్మంలోనే ఆగిపోయి, కొంగుతో ముఖం తుడుచుకుని, "పొగ కళ్ళలో పడింది" అంది. పొగ అటువైపే పోలేదు.

పేచీ వచ్చింది అడుగున ఛాసిస్ చట్రం దగ్గర. బండికి ఆ పక్కా ఈ పక్కా దారాలు కట్టి కొలిస్తే, ఎడమ ముందు చక్రం చిటికెనవేలు మందం వెనక్కి ఉంది. ఎప్పుడో అత్తయ్య గోడకి గుద్దేస్తే మామయ్య ఆ భాగాన్ని కాల్చి, లాగి సరిచేశాడట. చేతనైనంత బాగానే చేశాడు పాపం, కానీ వంకర వంకరే. నేను కట్టర్ పట్టుకుని కూర్చునేసరికి ఆవిడ వెనక నిలబడి ఉంది.

"అక్కడ కోస్తున్నావా?"

"కోసి మళ్ళీ అతుకుతాను. వంకరగా ఉంది."

"నడిచే బండేగా."

"నడవడం వేరు, తిన్నగా నడవడం వేరు అత్తయ్యా! వంకర అలాగే వదిలేయమంటారా?"

"నేనేమన్నానే ఇప్పుడు?" అని మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సరిచేశాను. దారాలు మళ్ళీ కట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. స్టీరింగ్ చక్రం చెక్కది, పాతబడి నల్లగా ఉంది. గీకి వార్నిష్ కొడదామంటే, "దాని జోలికి వెళ్ళావో, చూడు మరి" అంది. ఆ ఒక్కటీ వదిలేశాను.

పరుగు ఆదివారం. అంతకుముందు వారం షెడ్డు వెనక ఖాళీ రోడ్డు మీద ఖాళీ డ్రమ్ములు నిలబెట్టి అత్తయ్యకి తాళం ఇచ్చాను. ఆవిడ కూర్చున్న తీరు చూస్తే ముచ్చటేసింది. నడుం నిటారుగా, రెండు చేతులూ స్టీరింగ్‌కి రెండు పక్కలా. బండి కదిలింది. కదిలి, నెమ్మదిగా కుడివైపు జరిగింది. ఆవిడ తడబడి ఎడమకి లాగింది. మళ్ళీ కుడికే పోయింది. రెండో డ్రమ్ముని గీసుకుంటూ వెళ్ళి రోడ్డంచున ఆగింది. కొత్త పెయింటు లేచిపోయిన చప్పుడుకి మా ఆయన తనకే దెబ్బ తగిలినట్టు అరిచాడు.

మళ్ళీ తోలింది. మళ్ళీ అదే. దిగొచ్చాక ముఖంలో కళ లేదు.

"ఎలా ఉంది అత్తయ్యా బండి?"

"బండికేం, తిన్నగా దారంలా పోతోంది. నా చేతులే ముసలివైపోయాయి." తాళం కొడుకు చేతిలో పెట్టింది. "ఆదివారం నువ్వు తోలు. నేను కింద నిలబడి చూస్తాను."

మా ఆయన తోలడమా! గుడ్ల బుట్ట మోసుకెళ్ళేవాడిలా తోలుతాడు. ఆ మాటంటే నవ్వుతుందేమోనని అన్నాను కూడా. ఆవిడ నవ్వలేదు. తిరిగి కూడా చూడకుండా ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నేనే ఎక్కి తోలి చూశాను. చేతులు వదిలేసినా తిన్నగా పోతోంది. తప్పు బండిలో లేదు. ఆవిడ చేతుల్లోనూ లేదనిపించింది, ఎందుకంటే ఆ రోజు పొద్దున్నే ఆవిడ సూదిలో దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించడం చూశాను. మరి ఎక్కడుంది? దిగే ముందు స్టీరింగ్ తుడుస్తుంటే కంటపడింది. చెక్క మీద చేతులు పట్టే చోట్ల నలుపు అరిగిపోయి నున్నగా మెరుస్తోంది. ముందు చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు రెండు చోట్లూ ఒకే ఎత్తులో ఉండాలి కదా? లేవు. కుడిచేతి చోటు కొంచెం పైన, ఎడమచేతి చోటు కొంచెం కింద.

ఆ రెండు చోట్లనీ ఒక వరుసకి తెచ్చేలా స్టీరింగ్‌ని తిప్పాను. ముందు చక్రాలు కుడికి తిరిగాయి.

అప్పుడర్థమైంది. ఎడమ చక్రం వెనక్కుండి బండి ఎడమకి లాగుతుంటే ఆవిడ ఇన్నేళ్ళూ స్టీరింగ్‌ని కుడికి పట్టి ఉంచి తోలింది. ఆ పట్టు చేతులకి అలవాటైపోయింది. నేను లాగుడు తీసేశాను, చేతులేమో ఇంకా పడుతూనే ఉన్నాయి. సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇంత పని జరుగుతుంటే ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? పైగా మామయ్యకీ చెప్పి ఉండదు. చెప్పి ఉంటే ఆయన మర్నాడే మళ్ళీ విప్పి ఉండేవాడు.

శనివారం బండిని జాకీ మీద ఎక్కించి, ఎడమ చక్రం దగ్గర సన్నని రేకు బిళ్ళలు తీసి చూశాను, పెట్టి చూశాను. ప్రతిసారీ రోడ్డు మీదకి తీసుకెళ్ళి, అరిగిన చోట్లలో చేతులు పెట్టి తోలాను. రెండు చేతులూ ఒక ఎత్తులో ఉండి బండి తిన్నగా పోయేదాకా వదల్లేదు. ఇంత శ్రద్ధగా బండిని పాడుచేయడం నా జన్మలో ఎరగను.

మా ఆయన డ్రమ్ము గీసిన గీత మీద రంగు వేస్తూ చూస్తున్నాడు. "నీ షెడ్డులోంచి వంకర బండి బయటికి వెళ్ళదన్నావు?"

"ఇంట్లో బండికి ఆ లెక్క లేదు. మీరు మీ గీత సంగతి చూసుకోండి."

ఆదివారం అత్తయ్య మామూలు చీరలో, చేతులు కట్టుకుని వచ్చింది. చూసేవాళ్ళ వరుసలో నిలబడబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"మీ అబ్బాయికి నడుం కుడిపక్క పట్టేసిందట. బరువులెత్తొద్దంటే వింటాడా? మీరు ఎక్కండి, నేను పక్కన కూర్చుంటాను."

మా ఆయన గబగబా నడుం పట్టుకున్నాడు. ఎడమపక్క పట్టుకున్నాడు, కానీ ఆవిడ చూడలేదు.

"గుద్దేస్తానే."

"గుద్దితే సరిచేస్తా. ఎక్కండి."

జెండా ఊపారు. మొదట మెల్లగా కదిలాం. గేరు మార్చి కాస్త వేగం అందుకోగానే ఆవిడ చేతులు పాత పట్టులో కుదురుకున్నాయి. నావైపు ఒక్క చూపు చూసింది. నేను రోడ్డు పక్క చెట్లని చూస్తున్నాను. మొదటి మలుపు వచ్చింది. ఆవిడ గేరు తగ్గించి, మలుపు లోపలి అంచుని తాకీ తాకకుండా బండిని తిప్పి, మళ్ళీ యాక్సిలరేటర్ నొక్కింది. ఆ రెండు కార్బురేటర్లూ ఒక్క గొంతుతో పాడుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. రెండో మలుపుకి ఆవిడ నవ్వుతోంది. నాలుగో మలుపుకి నేను సీటు అంచు పట్టుకుని, "అత్తయ్యా, నెమ్మది!" అని కేకలు పెడుతున్నాను. పట్టించుకుంటేనా!

కొండమీద బండి ఆపింది. ఇంజను చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది.

"ఎలా ఉంది అత్తయ్యా బండి?"

"ఛండాలంగా ఉంది. ఎడమకి లాగుతోంది." స్టీరింగ్‌ని అరచేత్తో నిమిరింది. "ఈ మాట మీ మామయ్యతో ఒక్కసారీ అనలేకపోయాను. ఎంత సంబరంగా అడిగేవారో, ఎలా ఉందీ అని. దారంలా పోతోందండీ అనేదాన్ని."

"నాతోనూ అదే అన్నారుగా."

"అన్నాను. అని లోపలికెళ్ళి ఏడ్చాను." నావైపు తిరిగింది. "ఆయన నొచ్చుకునే మనిషి, చెప్పలేకపోయాను. నువ్వు దెబ్బలాడే మనిషివి. నీతో చెప్పొచ్చని ఇప్పుడు తెలిసింది. రేపు ఆ పెట్టిందేదో తీసెయ్. తిన్నని బండి తోలడం నేర్చుకుంటాను."

నేను చెయ్యి చాచాను. "సరే, తాళం ఇటివ్వండి. దిగేటప్పుడు నేను తోలుతా."

"నీకు వంకర బండి తోలడం వచ్చా?" అంటూ ఇంజను స్టార్ట్ చేసింది. "నోర్మూసుకుని కూర్చో."

కూర్చున్నాను.