నచ్చింది, ఫోన్ చేస్తాం

పొద్దున్న పదింటికి "అబ్బ, ఎంత బాగుందండీ! ఆయనతో ఒక మాట చెప్పి ఫోన్ చేస్తాం" అని మురిసిపోయిన ఇంటావిడ, రాత్రి ఎనిమిదయ్యేసరికి "బురద పూసినట్టుంది, ఇంకోటి చూపించండి" అని మెసేజ్ పెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. హాలు గోడ మీద నేను వేసి చూపించిన రంగులు మూడు, పొగడ్తలు మూడు, బురదలూ మూడే.

నేను ఇళ్ళకు రంగులు వేస్తాను. ఎవరి దగ్గరా జీతానికి లేను. పని ఇచ్చేవాళ్ళు నాకు ఎప్పుడూ లేదని చెప్పరు. "మీకే ఇద్దామనుకుంటున్నాం" అంటారు. ఆ మాటతో కడుపు నిండదని తెలిసినా ఫోన్ ముందేసుకుని కూర్చుంటాను. నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నాతోపాటు పని చేసేది మా ఆడపడుచు. గోడలు నావి, అంచులు తనవి. కిటికీ చట్రం పక్కన తను బ్రష్షుతో గీత లాగిందంటే స్కేలు పెట్టి చూసుకోవచ్చు. నోరు కూడా అంతే సూటి.

"మబ్బుల్ని చూసి కుండలో నీళ్ళు ఒలకబోసుకోకు వదినా," అంది మర్నాడు, బ్రష్షులు కడుగుతూ. "స్కూలు వాళ్ళు రమ్మని పిలుస్తుంటే ఆ ఇంటి చుట్టూ తిరుగుతావేంటి? రేపు సాయంత్రం ఏడింటిలోగా చెప్పాలన్నారుగా."

స్కూలు పనంటే వరండాలు, ఒకటే బూడిద రంగు, పది రోజులు. ఈ ఇల్లంటే ఆరు గదులు, మూడు వారాలు. రెండూ సోమవారమే మొదలు.

"ఆ ఇల్లు వస్తే..." అన్నాను.

"రాకపోతే? ఈసారి కూడా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సి వస్తే నేను గోడౌన్‌లో చేరిపోతా. ప్యాకింగ్ పని. నెల జీతం, ఆదివారం సెలవు."

వేళాకోళం అనుకున్నాను. తన సంచిలోంచి తొంగిచూస్తున్న కాగితం మీద గోడౌన్ ముద్ర కనిపించాక నవ్వు ఆగిపోయింది. తను లేకపోతే నేను గోడలు వేయగలను గానీ ఇల్లు పూర్తి చేయలేను.

బుద్ధి ఉన్నవాళ్ళయితే అప్పుడే స్కూలుకు సరేననేవారు. నన్ను మాత్రం వేరే పురుగు తొలవడం మొదలుపెట్టింది. ఒకే మనిషి ఒకే గోడను పొద్దున మెచ్చుకుని రాత్రి ఎందుకు తిడుతుంది? ఇలాంటిది తేలకపోతే నాకు అన్నం సహించదు. ఆ సాయంత్రం ఏడున్నరకు, టేపు మర్చిపోయానన్న వంకతో, ఆ ఇంటి తలుపు తట్టాను.

బస్సు డ్రైవరు యూనిఫాంలో ఒకాయన తలుపు తీశాడు. ఇంటాయన.

"ఆమె ఇప్పుడే డ్యూటీకెళ్ళిందండి. నర్సు కదా, రాత్రి షిఫ్టు. ఆమె వచ్చేసరికి నేను బస్సులో ఉంటా."

హాల్లో పసుపురంగు బల్బు వెలుగుతోంది. దాని కింద నా మూడో రంగు, లేత ఆకుపచ్చ, నిజంగానే బురదలా ఉంది! పొద్దున ఆవిడ అబద్ధమాడలేదు, రాత్రి ఈయనా ఆడలేదు. ఈయన ఫోన్‌లో చెబుతాడు, ఆవిడ ఆసుపత్రి నుంచి నాకు మెసేజ్ పెడుతుంది. అంతే కథ.

"ఈ గోడని పగటి వెలుతురులో చూశారా ఎప్పుడైనా?"

ఆయన ఆలోచించాడు. "ఆదివారం చూడాలి. కానీ ఆదివారం ఇద్దరం నిద్రపోతామండి." తర్వాత ఆయనే అడిగాడు: "ఆమెకి నిజంగానే నచ్చిందా? నాతో 'నీ ఇష్టం' అనేసింది."

"రేపు సాయంత్రం ఆరున్నరకి ఇద్దరూ ఇక్కడ ఉండండి. చూసి అప్పటికప్పుడు అవునో కాదో చెప్పండి. ఏడు దాటితే నేను వేరేవాళ్ళకి మాటిచ్చేస్తా."

ఇరవై ఏళ్ళలో నేను ఒకరికి గడువు పెట్టడం అదే మొదలు.

మర్నాడు ఆయన చివరి ట్రిప్పు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. ఆవిడ భుజాన బ్యాగుతో సిద్ధంగా ఉంది. పసుపు బల్బు కింద రంగు చూపించాను. తర్వాత మా ఆడపడుచు స్టూలెక్కి, మేం తెచ్చిన, పగటి వెలుతురులాంటి తెల్ల బల్బు పెట్టింది.

"నువ్వు రోజూ చూసేది ఇదా?" అన్నాడాయన.

"నువ్వు చూసేది ఆ బురదా? పాపం!" అందావిడ.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. గోడ చూడడం అయిపోయినా కాసేపు అక్కడే పక్కపక్కన నిలబడ్డారు. తర్వాత ఇదే రంగు ఖాయమని ఒప్పందం మీద సంతకం పెట్టారు.

గుమ్మం దాటగానే స్కూలుకు ఫోన్ చేసి, మాకు కుదరదని చెప్పేశాను. నా తెలివికి నేనే మురిసిపోతూ మెట్లు దిగాను.

"చూశావా! మూడు వారాల పని. ఇక ఆ గోడౌన్ కాగితం చింపెయ్."

"మూడు వారాలయ్యాక?"

"ఏదో ఒకటి వస్తుందిలే. రాగానే ఫోన్ చేస్తాగా."

తను మెట్టు మీద ఆగిపోయింది.

"ఆరేళ్ళుగా నాతో ఇదే మాట వదినా. వాళ్ళు నిన్ను మూడుసార్లు ఊరిస్తే ఎందుకో తేల్చుకోడానికి ఇంటికే వెళ్ళావు. నువ్వు నన్ను నెలనెలా ఊరిస్తున్నావు. నాకెలా ఉంటుందో ఎప్పుడైనా అడిగావా?"

లోకంలో అందరి సంగతులూ ఆరా తీసే నేను, పక్కన నిలబడి అంచులు వేసే మనిషిని ఆ ఒక్క మాట అడగలేదు.

"నీకేం కావాలి?" అన్నాను.

"సగం. పనిలో కాదు, అదెలాగూ చేస్తున్నా. ఏ పని ఒప్పుకోవాలి, ఏది వదలాలి అనేదాంట్లో సగం. గోడౌన్ వాళ్ళకి రేపు పొద్దున్నే చెప్పాలి. అవునా, కాదా?"

'ఆలోచించి చెప్తా' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అవును."

"అయితే రాయి."

మెట్ల మీదే కూర్చుని, ఒప్పందంలో నా పేరు పక్కన తన పేరు రాశాను. తను రెండుసార్లు చదువుకుంది.

"ఇప్పుడు స్కూలుకి ఫోన్ కలుపు," అంది. "మా వదిన తొందరపడింది, మూడు వారాలాగితే ఇద్దరం వస్తాం, కుదురుతుందా అని అడుగుతా."

కలిపి, ఫోన్ తన చేతికిచ్చాను.