బఠానీల ప్రయాణం

సంచిలో పది బఠానీకాయలు, క్యారెట్ ముక్కల డబ్బా, ఒక కీరా పెట్టాను. పైన మందులు, టార్చిలైటు, ఒక జత మారుబట్టలు సర్దాను.

"బడి రెండు వీధుల అవతలే కదా అత్తయ్యా, దేశాంతరం వెళ్తున్నట్టు ఈ మూటలేంటి?" అంది కోడలు.

"గడప దాటితే ఏదైనా ప్రయాణమేనమ్మా."

మనవరాలు పిడుగు చదివే శిశుతరగతిలో బుధవారం భోజనాల వేళ నేను కథ చెబుతాను. పిల్లల చేత కూరగాయలు తినిపించడం నా పని. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని బడిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారంటే మాటలా! ఆ కుర్చీకే ఎసరు పెట్టుకున్నాను.

పోయిన వారం విటమిన్ల గురించి చెబితే అందరూ ఆవలించారు. కథలోకి దిగాను. నేను ఏ కథ మొదలుపెట్టినా అందులో ఎవరో ఒకరు ఊరెళ్ళిపోతారు, అదేం ఖర్మో! "చిన్న బఠానీ వాళ్ళమ్మని వదిలి ఒంటరిగా బయల్దేరింది" అన్నానో లేదో, పద్దెనిమిది మందీ గొల్లుమన్నారు. ఒకడైతే గింజల్ని మళ్ళీ తొక్కలోకి సర్దబోయాడు. ఎవరూ ఒక్క గింజ ముట్టలేదు.

"ఈసారీ ఏడిపించారంటే, ఇక మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకుందురుగాని మామ్మగారూ," అంది టీచర్.

అందుకని ఇవాళ దారంతా నవ్వే బఠానీ కథ వల్లెవేసుకున్నాను. కుర్చీలో కూర్చోగానే అంతా మరిచాను. కాయ వలిస్తే ఏడు గింజలు. నోరు జారింది.

"పెద్దది ముందు వెళ్ళిపోయింది. మిగిలినవి..."

పిల్లల పెదవులు వణికాయి. టీచర్ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆగు నానమ్మా!" పిడుగు లేచింది. "పెద్దది ఎక్కడికెళ్ళింది?"

"నీ పొట్టలోకి."

"మరి మిగిలినవాళ్ళని వదిలేస్తావా? పాపం కదా! ఏం నానమ్మవి నువ్వు?"

ఏడింటినీ వరసగా నోట్లో వేసుకుని కరకరా నమిలింది.

"నా గింజ చెల్లి! చెల్లిని కూడా పంపాలి!" అంది ఒక పిల్ల, ఇంకో కాయ వలుస్తూ. క్యారెట్లు మామయ్యలయ్యాయి. కీరా బరువైన అత్తయ్య కాబట్టి ముక్కలుగా ప్రయాణం చేసింది. కింద పడ్డ ఒక్క గింజ కోసం ముగ్గురు బల్ల కింద దూరారు.

"వచ్చే బుధవారం బీట్‌రూట్ తెండి మామ్మగారూ," అంది టీచర్, నవ్వాపుకుంటూ.

ఖాళీ సంచి మడుస్తుంటే పిడుగు అడిగింది.

"నీ కథలో ఎప్పుడూ ముందు వెళ్ళిపోయేది ఎవరు?"

"మా అక్క."

"నువ్వూ వెళ్ళాల్సింది."

"చిన్నదాన్ని, బండిలో చోటు లేదన్నారు."

నాకు ఆరేళ్ళప్పుడు, ఒక మంగళవారం పొద్దున అక్క ఆ బండెక్కి వెళ్ళింది; ఎక్కడికో నాకెవరూ చెప్పలేదు. తిరిగి రాలేదు. అప్పట్నుంచీ గడప దాటితే చాలు, సంచిలో మారుబట్టలు పెట్టుకుంటాను.